ముత్తయ్య అతికిన ఫ్యూజు తీగ

తెనాలిలో హనుమాన్‌ప్రసాద్ బ్యాటరీల కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా కాసేపు ఆలోచించి చెబుతారు. "ముత్తయ్యగారి అల్లుడి కొట్టు" అంటే మాత్రం ఠక్కున చెయ్యి చూపిస్తారు. ఇది ప్రసాదుకు కాస్త మంటే. కొట్టు పెట్టింది తను, పని నేర్చుకుంది తను, బోర్డు మీద పేరూ తనదే. అయినా పేరంతా మామగారికే పోయింది. పోదూ మరి? వీధిలో పోయే ప్రతివాణ్ణీ "ఏంటయ్యా, అట్టా మొహం చాటేసుకుపోతున్నావు, మజ్జిగ తాగి పో" అని పిలిచేది ఆయనే.

ముత్తయ్య చీరాల పక్క మగ్గం మనిషి. ఊహ తెలిసిన దగ్గర్నుంచి గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నవాడు. భార్య పోయింది, మోకాళ్లు మొరాయించాయి. మగ్గం దిగక తప్పలేదు. పెద్దకూతురు మహాలక్ష్మి వచ్చి బాపట్ల తీసుకుపోయింది. ఆ పిల్ల తండ్రిని చూసుకున్నట్టు ఎవరు చూసుకుంటారు చెప్పండి! ఆయనకంటూ ఒక గది, ఆ గదిలో ఏసీ, ఎదురుగా గోడంత టీవీ, అడక్కుండానే కాఫీ. "నాన్నా, ఇన్నాళ్లూ కష్టపడ్డావు. ఇక నువ్వేం ముట్టుకోవద్దు, హాయిగా కూర్చో" అంది.

ఆ ముట్టుకోవద్దన్న మాటే ఆయన ప్రాణం తీసింది. ముత్తయ్య చేతులు ఊరికే ఉండే రకం కాదు. నెల తిరక్కుండా ఇంట్లో దుప్పట్ల అంచులన్నీ పీకి మళ్లీ ముడులేశాడు. సోఫా కవర్లో దారం ఒకటి వదులైందని లాగి, సగం కవరు ఊడబెరికాడు. మహాలక్ష్మి పల్లెత్తు మాట అనలేదు, కొత్త కవరు కొనుక్కొచ్చింది. ఆ కూతురు తిట్టినా బాగుండేదని ఆయన తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఏ పనికీ పిలవని ఇంట్లో అన్నం తినడమంటే, అదేమో గానీ, గొంతు దిగేది కాదట.

నాలుగు రోజులుండి పోదామని తెనాలిలో చిన్నకూతురు నాగదుర్గ ఇంటికి వచ్చాడు. ఇంటి ముందు గదే కొట్టు. అల్లుడు అక్కడ కూర్చుని వేలెడేసి సెల్లుల్ని వరసగా పేర్చి, ఒక్కో సెల్లు తల మీద నుంచి రాగిపట్టీకి వెంట్రుకంత సన్న తీగ కడుతున్నాడు. కడుతున్నాడనడం మర్యాదకే. తీగ తెగడం, ప్రసాదు దాన్ని బండబూతులు తిట్టడం, మళ్లీ ఇంకో తీగ తియ్యడం. ముత్తయ్య గుమ్మంలో నిలబడి కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేకపోయాడు.

"అల్లుడూ, లే. దాన్ని అట్టా గుంజుతారా ఎవరన్నా? తప్పుకో."

చొక్కా చేతులు పైకి మడిచి, వేళ్లకు ఇంత బూడిద అద్దుకున్నాడు. మగ్గం మీద పోగు అతికేటప్పుడు వేలు జారకుండా నేతగాళ్లు బూడిద అద్దుకుంటారు, ఆ అలవాటు. తీగ చివర్ని సెల్లు తల మీద చుట్టి, రెండో చివర్ని పట్టీకి చుట్టి, ఊ అనేలోపు వరస మొత్తం కట్టి అవతల పెట్టాడు. ప్రసాదు పని ఇక టంకం పెట్టడమే. మామగారు కట్టినంతసేపూ అల్లుడు నోరు తెరుచుకుని చూశాడు.

ఆ వేళ్టి నుంచి ముత్తయ్య బాపట్ల మాట ఎత్తలేదు. బల్ల దగ్గర కిటికీ వైపు కుర్చీ ఆయనది. మహాలక్ష్మి ఫోన్ చేసి, "ఎప్పుడొస్తావు నాన్నా?" అంటే, "చేతిలో పనుందమ్మాయ్" అని ఎంత గర్వంగా చెప్పేవాడో! ఆ మాట అనడం కోసమే ఫోను మోగాలని ఎదురుచూసేవాడని నాగదుర్గ నవ్వేది.

అయితే ఒక సంగతి. ఆ తీగ కట్టడం ప్రసాదు చూపించాడు గానీ, ఎందుకు కడుతున్నామో సరిగ్గా చెప్పలేదు. ముత్తయ్య ఒకసారి అడిగాడు కూడా.

"ఇంత సన్నం తీగ ఎందుకు అల్లుడూ? కాస్త లావుది కడితే పదికాలాలు ఉంటదిగా?"

"అది ఫ్యూజు మామయ్యా" అన్నాడు ప్రసాదు, తల ఎత్తకుండా.

"ఓహో, ఫ్యూజా!" అని తల పంకించాడు ముత్తయ్య. ఫ్యూజంటే ఏమిటో ఆయనకు తెలియకపోవడమేమిటి? ఇంట్లో ఫ్యూజు పోతే చీకటి. పోయిన చోట కాస్త తీగ పెడితే వెలుతురు. ఇంతేగా! ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఎన్ని ఫ్యూజులు వేశాడు ఆయన! అంతటితో ఆ చదువు పూర్తయింది.

ఒక పొద్దున రేపల్లె నుంచి ఏసుబాబు వచ్చాడు. అతనికి బ్యాటరీ బండి ఉంది, దాని మీద ఇళ్లకూ హోటళ్లకూ మంచినీళ్ల క్యాన్లు వేస్తాడు. బండిలోని బ్యాటరీ పెట్టెను ఊడదీసి, సంచిలో పెట్టుకుని రైల్లో వచ్చాడు.

"అన్నా, మునుపట్లా రావట్లేదన్నా. పెద్ద వీధి తిరిగొచ్చేసరికి మూలుగుద్ది. ఏందో చూడు."

ప్రసాదు మూత విప్పాడు. సరిగ్గా అప్పుడే దుగ్గిరాల పసుపు యార్డు నుంచి ఫోను: ఎవరిదో బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. "ఇది ఇట్టాగే ఉంచండి మామయ్యా, వచ్చి చూస్తా" అని మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఏసుబాబు టిఫిన్ చేసొస్తానని బజారుకు పోయాడు.

గదిలో మిగిలింది ముత్తయ్య, ఆ తెరిచిన పెట్టె.

ఆయన తప్పేం లేదండీ, చూడకుండా ఉందామనే అనుకున్నాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపు పేపరు చదివాడు. కానీ చూపు తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. రెండో వరసలో, ఒక మూల సెల్లు మీద, తీగ తెగి ఉంది. చిన్న ఖాళీ, అంతే. ఇంకెవరికైనా అది కనపడేది కూడా కాదు. ముత్తయ్యకు మాత్రం కంట్లో నలుసులా అయిపోయింది. బతుకంతా ఆయన నేర్చుకున్నది ఒక్కటే: పోగు తెగితే మగ్గం ఆపు, అతుకు, తర్వాతే పోగు మోసే నాడె విసురు. తెగిన పోగును చూస్తూ కూర్చున్న నేతగాడు ఆయనకు తెలిసి ఎవరూ లేరు.

'ఆ వచ్చినాయనకి కావలసిందీ ఇదేగా' అనుకున్నాడు. 'అల్లుడు అలిసిపోయి వస్తాడు, అప్పటికి పని అయిపోయి ఉంటే సంతోషిస్తాడు.'

వేళ్లకు బూడిద అద్దుకున్నాడు. తీగ చుట్ట తీశాడు. రెండు పేటలు వేసి గట్టిగా కడదామా అని ఒక క్షణం అనిపించింది. ఛ, తెగిన పోగుకు లావు పోగు అతికితే బట్టలో ముడిలా పైకి తేలదూ! అటువంటి నాసిరకం పని ముత్తయ్య చెయ్యడు. అదే తీగ, ఒంటి పేట, రెండు వైపులా పురి తిప్పి అతికాడు. అతుకు వేసేటప్పుడు చిటుక్కున చిన్న మెరుపొచ్చి వేలు చురుక్కుమంది. "హమ్మయ్య, ప్రాణమొచ్చింది" అనుకున్నాడు. అతుకు ఎక్కడుందో తనకే కనపడనంత బాగా కుదిరింది.

ప్రసాదు దుగ్గిరాల బండి పెట్టెను మోసుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ఏసుబాబు పెట్టె ముందు కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని ప్రతి తీగా చూశాడు. అన్నీ బాగున్నాయి. మీటరు పెట్టాడు. బాగానే చూపించింది. ముత్తయ్య కిటికీ దగ్గర మీసం కింద నవ్వుకుంటూ కూర్చున్నాడు. అన్నం దగ్గర చెబుదాం, నాగదుర్గ కూడా వింటుంది అని ఆయన ఆలోచన.

ఈలోపు ఏసుబాబు వచ్చాడు.

"ఇందులో ఏం లేదు ఏసుబాబూ. నువ్వే బండికి మించి క్యాన్లు ఎక్కించి ఉంటావు."

"నేనా! నేను ఒక్క క్యాను ఎక్కువ ఎక్కిస్తే ఒట్టు!"

"మరి ఊరికే ఎట్టా తగ్గుద్దయ్యా?"

"అది నువ్వు చెప్పాల, నన్నడిగితే ఎట్టా? బాగుందన్నా, రిపేరు చెయ్యమని తెస్తే తప్పు నాదంటున్నావు" అని మూత బిగించి, సంచి భుజానేసుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా స్టేషను దారి పట్టాడు.

ఇంట్లో నాగదుర్గ గోంగూర పప్పు వడ్డించింది. ముత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, మీ ఆయనకి ఇయ్యాల సగం పని తప్పించాను తెలుసా? ఆ రేపల్లె పెట్టెలో పోగు ఒకటి తెగి ఉంటే, అల్లుడు వచ్చేలోపు అతికి పడేశా. కళ్లజోడు పెట్టి ఎతికినా అతుకు కనపళ్లేదు చూడు!"

ప్రసాదు చేతిలో ముద్ద కంచంలో పడింది.

"ఏ తీగ మామయ్యా?"

"రెండో వరసలో, ఆ మూల సెల్లుది."

"అయ్యో మామయ్యా!" అని ప్రసాదు లేచి నిలబడ్డాడు. "అది చెడిపోయిన సెల్లు. పక్క సెల్లుల్లో కరెంటంతా దాన్లోకి పోయి మండకుండా ఆ తీగ తనంతట తను తెగుద్ది. తెగడానికే కట్టేది దాన్ని! ఇప్పుడు దాన్ని మళ్లీ మిగతా వాటికి కలిపి పంపించాం. ఏసుబాబు పోగానే చార్జింగు పెడతాడు. పెట్టేది ఎక్కడో తెలుసా? తాటాకు పాకలో!"

ముత్తయ్య కంచం పక్కకు నెట్టి లేచాడు.

ప్రసాదు ఏసుబాబుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తితే ఒట్టు! పొద్దున అన్న మాటకు అలిగాడు మరి, ఎందుకెత్తుతాడు? నాగదుర్గ తన ఫోన్లోంచి చేసింది. ఏ కంపెనీ వాళ్లో అనుకున్నాడో ఏమో, అదీ ఎత్తలేదు.

ప్రసాదు పనిముట్ల సంచి భుజానేసుకుని బండి స్టార్ట్ చేశాడు. ముత్తయ్య చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా వెనక ఎక్కి కూర్చున్నాడు.

"మీరెందుకు మామయ్యా, ఈ ఎండలో?"

"నే చేసిన ఎదవ పనికి నువ్వొక్కడివే పోతావా? పోనీయ్!"

వేమూరు దాటారు. ముత్తయ్య అల్లుడి చొక్కా పట్టుకుని కూర్చున్నాడు గానీ, కళ్ల ముందు ఆ తాటాకు పాకే కనపడుతోంది. ఎవరి బతుకు మీదికి తెచ్చాను రా దేవుడా అని కుమిలిపోయాడు. ఆ భయం కిందే ఇంకో భయం కూడా ఉంది, దాన్ని తలుచుకోవడానికే సిగ్గేసింది. ఈ సాయంత్రం ప్రసాదు ఎంతో మర్యాదగా, "మామయ్యా, పెద్దవాళ్లు, మీకెందుకీ తిప్పలు" అంటాడు. అంతే. కిటికీ దగ్గర కుర్చీ పోతుంది. ఏసీ గదీ, గోడంత టీవీ, అడక్కుండా కాఫీ.

భట్టిప్రోలు ఇవతల రైలు గేటు పడి ఉంది. ఇద్దరూ బండి మీద కూర్చునే చూస్తుండగా రేపల్లె రైలు ముందు నుంచి పోయింది. కిటికీ పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని, మూతి ముడుచుకుని ఏసుబాబు!

"ఏసుబాబూ! ఒరే నాయనా! చార్జింగు పెట్టమాక!" అని ముత్తయ్య బండి దిగి, కండువా తిప్పుతూ కేకలేశాడు. ఏసుబాబు చూశాడు. చూసి, మొహం అటు తిప్పుకున్నాడు. పక్కన ట్రాక్టరు మీద ఉన్నతను, "ఎవరు బాబాయ్, చుట్టాలా?" అని అడిగాడు. ముత్తయ్య అతనికి చెప్పిన జవాబు ఇక్కడ రాయడం కుదరదు.

గేటు ఎప్పటికో లేచింది. రేపల్లెలో ఏసుబాబు ఇల్లు కనుక్కుని వెళ్లేసరికి, అతను అప్పటికే కాళ్లు కడుక్కుని, పాకలో బండికి పెట్టె బిగించి, చార్జింగు పెట్టి, అన్నానికి కూర్చున్నాడు. ప్రసాదు చెప్పుల్తోనే పాకలోకి దూరి ప్లగ్గు లాగేశాడు.

"ఏందన్నా ఇది! ఇంటికొచ్చి మరీ కొట్లాడతావా?" అని ఏసుబాబు ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాడు.

ప్రసాదు జవాబు చెప్పకుండా పెట్టెను బయటికి, వేపచెట్టు కిందికి మోసుకొచ్చి మూత విప్పాడు. ముగ్గురూ వంగి చూశారు. మూల సెల్లు వేడిగా ఉంది. దాని తీగ మళ్లీ తెగిపోయి ఉంది. కాలిన చివర్లు నల్లగా, చిన్న పూసల్లా ముడుచుకుపోయాయి. మిగతా సెల్లులన్నీ చల్లగా, నిమ్మళంగా ఉన్నాయి.

ప్రసాదు అలాగే నేల మీద కూర్చుండిపోయి పెద్దగా నవ్వాడు. ఎంతసేపటికీ ఆ నవ్వు ఆగలేదు.

ముత్తయ్య ఇంకా వంగి చూస్తూనే ఉన్నాడు. తీగ తెగింది మధ్యలో. పురి తిప్పిన అతుకులు రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి మీద ఇంకా కాస్త బూడిద అంటుకుని ఉంది. ఉండబట్టలేక అనేశాడు.

"అల్లుడూ... నా అతుకు మాత్రం ఊడలేదు."

"ఊడలేదు మామయ్యా! మీరు అదే తీగ ఒంటి పేట వేశారు కాబట్టి, కరెంటు ఎక్కువ కాగానే తెగింది. అదే రెండు పేటలు వేసి ఉంటే తెగేది కాదు. పాక ఉండేది కాదు."

రెండు పేటలు వేద్దామనుకున్న సంగతి ముత్తయ్య బయటికి చెప్పలేదు.

ఏసుబాబుకు ఇదంతా అయోమయంగా ఉంది. "తప్పు మాదేనయ్యా, నువ్వు క్యాన్లు ఎక్కువ ఎయ్యలేదు. కొట్లో చిన్న పొరపాటు జరిగింది" అని ప్రసాదు మొదలుపెట్టాడు.

"కొట్లో కాదు నాయనా, పొరపాటు నాది" అన్నాడు ముత్తయ్య. "తెగిన తీగ కనపడితే ఊరుకోలేక అతికాను. ఎందుకు తెగిందో తెలుసుకోకుండా అతికాను. నీ ఇల్లు తగలబెట్టేవాణ్ణి. నీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అయ్యయ్యో, ఏం మాటలయ్యి తాతా!" అని ఏసుబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. కాసేపు పాక వంక చూశాడు, పెట్టె వంక చూశాడు. పొద్దున్నుంచీ ఉన్న అలక ఎటు పోయిందో గానీ, "ఇంత ఎండలో దీనికోసం పడి వచ్చారా!" అన్నాడు. లోపలికి పోయి చల్లటి నీళ్లు పట్టుకొచ్చాడు. నీళ్లకేం కొదవ ఆ ఇంట్లో!

ముత్తయ్య నీళ్లు తాగి, చెట్టు మొదట్లో కూర్చుని, మెల్లగా మొదలుపెట్టాడు. "అల్లుడూ, నన్ను ఇక్కడ బస్సెక్కించు. బాపట్ల పోతాను. మహాలక్ష్మి రమ్మంటానే ఉంది. నా చేతులు నా మాట వినవు. నీ పనికి నేను పనికిరాను."

ప్రసాదుకు నవ్వు ఆగింది.

"మామయ్యా, కట్టడం ఒక్కటే చూపించాను మీకు. ఎందుకు కడుతున్నామో ఆ రోజు మీరు అడిగితే చెప్పానా? ఫ్యూజు అని తల ఎత్తకుండా ఒక ముక్క పారేశాను. పొరపాటు ఇద్దరిదీ. ఇటు రండి."

చెడ్డ సెల్లు ఊడదీసి, సంచిలోని సెల్లుల్ని మీటరుతో చూసి, సరిపోయే మంచిది ఒకటి పెట్టాడు. తీగ చుట్ట మామగారి చేతిలో పెట్టాడు.

"కట్టండి. ఈసారి నేను చెబుతూ ఉంటాను, మీరు వింటూ కట్టండి."

ఏసుబాబు భార్య పొయ్యిలోంచి ఇంత బూడిద తెచ్చి ఇచ్చింది. వేపచెట్టు కింద, చుట్టూ నలుగురు ఇరుగుపొరుగు మూగి చూస్తుండగా, ముత్తయ్య తీగ చుడుతూ ఉంటే, ఏ సెల్లు ఎందుకు చెడుతుందో, ఒకటి చెడితే పక్కవి ఎట్లా మీద పడతాయో, తీగ ఎట్లా అడ్డం పడి తను పోయి వాటిని కాపాడుతుందో ప్రసాదు విడమరిచి చెప్పాడు. ముత్తయ్య ఊ కొడుతూ విన్నాడు. ప్రసాదు పెట్టిన టంకం చల్లారాక వేలితో తీగను ఒకసారి మీటి చూసుకున్నాడు.

"తాతా, ఇది మళ్లీ తెగుద్దా?" అని అడిగాడు ఏసుబాబు.

"తెగాల్సి వస్తే తెగుద్ది. తెగనీ" అన్నాడు ముత్తయ్య. "బండి మళ్లీ మూలిగితే మూత తియ్యమాక, అతకమాక. నాకు ఫోన్ చెయ్. ప్రసాదుకి కాదు, నాకు. నేనొచ్చి ఎందుకు తెగిందో చూస్తా."

ఏసుబాబు ఫోను తీసి ఆ నంబరు ఎక్కించుకున్నాడు. ప్రసాదు మోటారు సైకిలు తిప్పి, బస్టాండు వైపు కాకుండా తెనాలి రోడ్డు వైపు పెట్టి, "ఎక్కండి మామయ్యా, దుగ్గిరాల వాళ్ల పెట్టె రేపటికి కట్టి ఇవ్వాలి" అన్నాడు.

ముత్తయ్య కండువాతో కళ్లు తుడుచుకుని ఎక్కి కూర్చున్నాడు.